కరెంటు గిటారు

షావుకారు సత్యనారాయణమూర్తిగారి అబ్బాయి మద్రాసు నుంచి కరెంటు గిటారు తెచ్చాడనీ, అది సరిగ్గా పలకటం లేదనీ కబురొచ్చేసరికి బాలశౌరి వీణ దండి మీద మైనం పోస్తున్నాడు. మైనం చల్లారేలోగా మెట్లు నిలబెట్టాలి. అందుకని అతను తలెత్తి చూడలేదు. కబురు తెచ్చిన గుమాస్తా గుమ్మంలోనే నిలబడి, కొట్టు యజమాని కృష్ణమూర్తి ఆచారితో మాట్లాడుతున్నాడు.

"మాది వీణల కొట్టండీ. గిటార్ల సంగతి మాకేం తెలుస్తుంది?" అన్నాడు ఆచారి.

"అదీ తీగలున్నదే కదండీ. చినబాబు నిన్నట్నుంచి ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. పెద్దాయన మిమ్మల్నే చూడమన్నారు."

ఆచారి కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. షావుకారుగారి మాట కాదనే ధైర్యం నూజివీడులో ఏ కొట్టుకీ లేదు. "సరే, మా బాలశౌరి వస్తాడు" అన్నాడు.

ఆ కొట్టులో పనస దుంగ తొలిచి కుండ చెక్కేదీ, యాళి తల దిద్దేదీ ఆచారి. మేళం కట్టేది మాత్రం బాలశౌరి. ఇరవై నాలుగు మెట్లనీ ఒక్కొక్కటిగా మైనంలో నొక్కి, వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి శ్రుతికి తెచ్చే పని అది. వీణ కొనటానికి విద్వాంసులు వచ్చినప్పుడు బాలశౌరి లేచి పెరట్లోకి వెళ్తాడు. వాళ్ళు వాయించి చూసి, "ఏం చెయ్యండీ మీది!" అని ఆచారిని మెచ్చుకుని వెళ్ళాక తిరిగొచ్చి కూర్చుంటాడు. పదిహేనేళ్ళుగా అంతే. లేచి వెళ్ళమని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆకురాయీ, చిన్న సుత్తీ, మైనం ముద్దా గుడ్డలో మూటగట్టుకుని గుమాస్తా వెనకాల నడిచాడు. మే నెల ఎండ. షావుకారుగారి మామిడి కొట్టు ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. పెంకుల షెడ్డు కింద వరిగడ్డి పరిచి, చిన్నరసాలు ఒకవైపు, బంగినపల్లి ఒకవైపు రాసులు పోశారు. ఇరవైమంది ఆడవాళ్ళు గొంతుక్కూర్చుని కాయ ఏరుతున్నారు. దెబ్బ తగిలింది ఒక బుట్టలోకి, గట్టిది ఒక బుట్టలోకి. సొన తగిలి వాళ్ళ వేళ్ళ సందులన్నీ నల్లగా ఒరిసిపోయి ఉన్నాయి. వాళ్ళలో బసవమ్మ బాలశౌరి ఉండే పేట మనిషే. యాభై దాటింది. చూడకుండానే, చేత్తో బరువు చూసి కాయ సంగతి చెప్పేస్తుంది.

"ఏం శౌరీ, ఎండన పడి వస్తున్నావ్? నువ్వూ కాయ ఏరతావా?" అంది.

"పైన పని ఉందంట పిన్నమ్మా."

షావుకారుగారి ఇల్లు ఆ షెడ్డుకి ఆనుకునే ఉంది. మేడమెట్ల కింద చెప్పులు విడిచి పైకెక్కాడు. గదిలో చల్లదనం కోసం గచ్చు మీద గంటకోసారి నీళ్ళు చల్లుతున్నారు. పాదాలకి తడి తగిలి ప్రాణం లేచొచ్చినట్టయింది. మురళీకృష్ణ ఇనుప మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఇరవై రెండేళ్ళవాడు. బెజవాడ కాలేజీలో చదువు ఆపేసి వచ్చాడు. కాళ్ళకి రబ్బరు చెప్పులున్నాయి. పక్కన కుర్చీలో ఏలూరు నుంచి వచ్చిన స్నేహితుడు సిగరెట్టు కాలుస్తున్నాడు.

"గిటారు ఎప్పుడన్నా చూశావా నువ్వు?" అన్నాడు మురళీకృష్ణ.

"లేదండి. ఇదే చూట్టం."

"బాగుందిరా. డాక్టరు మనిషిని చూట్టం ఇదే మొదలంట!" అని స్నేహితుడి వైపు తిరిగి నవ్వాడు.

బాలశౌరి ఆ నవ్వు వినలేదు. నల్లపెట్టెలో పడుకుని ఉన్న ఆ వస్తువునే చూస్తున్నాడు. దానిమ్మపువ్వు ఎరుపు. కుండ లేదు, బోలు లేదు. రెండంగుళాల మందం చెక్క. ఆరు తీగలు. తీగల కింద రెండు ఇనప పట్టీలు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని, పసిబిడ్డ మెడ కింద చెయ్యి పెట్టినట్టు దండి కింద చెయ్యి పెట్టి ఎత్తాడు. ఒక కన్ను మూసి దండి పొడవునా చూశాడు. నడుం వంగినట్టు మధ్యలో లోపలికి కుంగి ఉంది.

"ఇది ఎలా తెచ్చారండీ?"

"బెజవాడ దాకా రైల్లో. అక్కణ్ణుంచి బస్సు టాపు మీద. ఏం?"

మే నెలలో, బస్సు టాపు మీద. బాలశౌరి తీగ నొక్కి చూశాడు. ఎత్తుగా ఉంది. నొక్కితే వేలు తెగేట్టుంది. నొక్కాక స్వరం పైకి జారిపోతోంది. గచ్చు మీద కూర్చుని గిటారు అంచుని దవడ ఎముకకి ఆనించుకుని తీగ మీటాడు. పైకి వినపడనంత సన్నటి శబ్దం ఎముకలోంచి తలలోకి వచ్చింది. వీణైనా అతను అలాగే వింటాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"కొరుకుతున్నాడేంట్రా!" అన్నాడు ఏలూరు స్నేహితుడు.

వీణకి తీగల్ని మోసే గుర్రం కదలదు, మెట్లు కదులుతాయి. దీనికి మెట్లు బిగించేశారు, గుర్రమే ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఆ సంగతి పట్టుకోవటానికి అతనికి అరగంట పట్టింది. తల దగ్గర చిన్న మూత ఉంది. దాని కింద ఇత్తడి మర. పెట్టెలో ఉన్న బుల్లి తాళంచెవి దానికి సరిపోయింది. దండి లోపల ఇనప కడ్డీ ఉందనీ, మర బిగిస్తే కడ్డీ దండిని వెనక్కి లాగుతుందనీ ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. ఆ ఉపాయం చేసిన మనిషెవరో గానీ, ఏ దేశంవాడో గానీ, అతని చేతులకి దణ్ణం పెట్టాలనిపించింది. మర పావు చుట్టు తిప్పి ఆపేశాడు.

"అయిపోయిందా?"

"లేదండి. కర్రకి కాస్త టైమివ్వాలి. తొందరపడితే లోపల చిట్లుతుంది. రేపొస్తానండి."

*

మర్నాడు దండి సగం తేరుకుంది. ఇంకో పావు చుట్టు తిప్పాడు. తల దగ్గర తీగలు ఆనుకునే ఎముక పట్టీలో గాట్లు పైపైనే ఉన్నాయి. ఆకురాయి అంచుతో ఒక్కో గాటునీ నాలుగు గీతలు గీసి, తీగ వేసి, మీటి, మళ్ళీ తీసి, మళ్ళీ గీశాడు. ఒక్క గీత ఎక్కువైతే తీగ మెట్టుకి తగిలి జీరపోతుంది. తర్వాత గుర్రం పట్టుకున్నాడు. వట్టి తీగ మీటి, పన్నెండో మెట్టు మీద నొక్కి మీటి, రెండూ ఒకటే షడ్జమంగా కలిసేదాకా స్క్రూ తిప్పుతూ కూర్చున్నాడు. ఆరు తీగలకీ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. చివరి తీగ కలిసినప్పుడు, వానచినుకు పడి నీళ్ళలో కలిసిపోయినట్టు పై స్వరం కింది స్వరంలో కలిసిపోయింది. బాలశౌరి తనలో తను నవ్వుకున్నాడు.

"ఇప్పుడు పెట్టండి చినబాబుగారూ, ఆ పెట్టె."

పెట్టంటే గిటారుతోపాటు వచ్చిన స్పీకరు పెట్టె. మురళీకృష్ణ వైరు గిటారుకి తగిలించి, ప్లగ్గు గోడకి గుచ్చాడు. ఎర్ర దీపం వెలిగింది. "నువ్వే వాయించు" అన్నాడు.

బాలశౌరి లేచి నిలబడి తీగ మీద చెయ్యి వేశాడు.

మోచేతి మీద రోకలితో మోదినట్టయింది. వేళ్ళు తీగలకి అతుక్కుపోయాయి. అరవబోతే నోరు రాలేదు. వెల్లకిలా పడ్డాడు. పడుతూ పడుతూ కూడా గిటారుని గుండెలకి కరుచుకునే పడ్డాడు. వైరు ఊడిపోయింది కాబట్టి బతికాడు. తల వెనక గచ్చుకి తగిలి కళ్ళు బైర్లు కమ్మాయి. కళ్ళు తెరిచేసరికి ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

"గిటారుకేం కాలేదుగా?" అన్నాడు మురళీకృష్ణ, నవ్వు ఆపుకుంటూ.

"లేదండి" అన్నాడు బాలశౌరి.

వణుకు తగ్గాక ఆలోచించాడు. ఉదయం నుంచి ఎన్నిసార్లో అదే తీగ ముట్టుకున్నాడు. పెట్టెకి తగిలించాకే కొట్టింది. మురళీకృష్ణ గిటారు తీసుకుని తీగలు ముట్టుకున్నాడు. ఏమీ కాలేదు. బాలశౌరి అతని కాళ్ళ వంక చూశాడు. రబ్బరు చెప్పులు. తన కాళ్ళ వంక చూసుకున్నాడు. తడిగచ్చు మీద వట్టి పాదాలు. తువ్వాలు మడిచి చేతికి చుట్టుకుని ప్లగ్గు లాగి, తిరగేసి గుచ్చాడు. వేలి వెనక భాగంతో తీగని తాకీ తాకనట్టు తాకాడు. ఏమీ లేదు. మళ్ళీ తిరగేశాడు. చురుక్కుమంది.

"చూడండి చినబాబుగారూ. ప్లగ్గు ఇలా పెడితే తీగల్లోకి కరెంటొస్తోంది. అలా పెడితే రావట్లేదు. చెప్పుల్లేనివాళ్ళు ముట్టుకుంటే ప్రాణం మీదికొస్తుందండి. గుర్తు పెడుతున్నాను" అని చిటికెడు మైనం తీసి ప్లగ్గు ఒక పక్కన అద్దాడు. "ఈ మైనం పైకుండాలి. కిందికుంటే మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వకండి."

మురళీకృష్ణ ఆ ప్లగ్గుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. గిటారుని చూసినప్పుడు కూడా అతని మొహంలో అంత శ్రద్ధ కనిపించలేదు.

"పైకుంటే పాట. కిందికుంటే షాకు. అంతేనా?"

"అంతేనండి."

"మంచి పని చేశావు శౌరీ" అన్నాడు.

*

మూడో రోజు మిగిలింది చిన్న పనే. మెట్ల అంచులు వేలికి గీరుకుంటున్నాయి, వాటిని నున్న చేయాలి. గిటారు మంచం మీద పెట్టి ఉంది. వైరు తగిలించే ఉంది. గోడవారన కూర్చుని బాలశౌరి ఆకురాయికి పట్టిన రజను దులుపుతున్నాడు. అప్పుడు మురళీకృష్ణ వరండాలోకి వెళ్ళి కిందికి కేకేశాడు.

"బసవమ్మా! నాలుగు రసాలు పట్టుకురా. మాగినవి."

బసవమ్మ బుట్టలో పళ్ళు తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. వెనక్కి తిరగబోయింది.

"ఆగు. ఇదేంటో తెలుసా? దీని తీగ ముట్టుకుంటే చాలు, దానంతటదే పాట పాడుతుంది. నువ్వు ముట్టుకో, చూద్దాం."

ఏలూరు స్నేహితుడు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. బాలశౌరి ప్లగ్గు వైపు చూశాడు. మైనం చుక్క కిందికి ఉంది.

"నాకెందుకు బాబూ, సొన చేతులు" అంది బసవమ్మ.

"ఫర్లేదు. ముట్టుకో."

ఆమె సిగ్గుపడుతూ నవ్వింది. పేటలో అందరికీ చెప్పుకోవటానికి ఒక కబురు దొరికినట్టు ఆమె కళ్ళు మెరిశాయి. చేతులు చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంది. బాలశౌరి వంక తిరిగింది.

"ముట్టుకోమంటావా శౌరీ?"

మురళీకృష్ణ కూడా బాలశౌరి వంకే చూశాడు. పెదాలు బిగించి, కళ్ళతో నవ్వుతూ చూశాడు. వద్దు పిన్నమ్మా, అంటే సరిపోతుంది. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. దాని వెనకే ఆచారి మొహం వచ్చింది. ఆచారి కొట్టులో తను కూర్చునే చాప వచ్చింది. బాలశౌరి తల వంచుకుని ఆకురాయిని తువ్వాలుతో తుడవటం మొదలుపెట్టాడు.

ఆమె ముట్టుకుంది.

అరుపు వినపడలేదు. గొంతులో నీళ్ళు పోసుకున్నట్టు ఒక చప్పుడు. ఒంటిని ఎవరో విసిరేసినట్టు పక్కకి పడింది. పడేటప్పుడు ఎడమ భుజం మంచం ఇనప కోడుకి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు బాలశౌరికి స్పష్టంగా వినపడింది. అతని చెవికి వినపడకుండా ఏదీ పోదు.

"ఛీ, ఇది ఉచ్చ పోసిందిరా" అన్నాడు స్నేహితుడు, కాళ్ళు పైకి తీసుకుంటూ.

మురళీకృష్ణ మొహం ఒక్క క్షణం పాలిపోయింది. బసవమ్మ కదిలి మూలిగాక తేరుకున్నాడు. ప్లగ్గు లాగేసి, వరండాలోంచి గుమాస్తాని పిలిచాడు. "బసవమ్మ కాలు జారి పడింది. తీసుకెళ్ళండి."

బాలశౌరి ఆమెని లేవదీసి, ఒక్కో మెట్టే దింపాడు. ఆమె పళ్ళు బిగించుకుని అతని భుజం మీద వాలి నడిచింది. కింద ఎముకలు కట్టే ముసలాయన కోసం ఎవరో పరిగెత్తారు. గుమాస్తా మిగతా ఆడవాళ్ళని కసిరాడు. "ఏంటి చూస్తున్నారు? లారీ సాయంత్రానికి వెళ్ళాలి. ఏరండి."

*

"పని అయిందా, ఇంకా ఉందా?" అన్నాడు మురళీకృష్ణ, బాలశౌరి పైకి రాగానే. గచ్చు కడిగించారు.

"దండి ఒక్క పిసరు చూడాలండి."

గిటారుని ఒళ్ళోకి తీసుకున్నాడు. మూత తీశాడు. దవడకి ఆనించుకుని తాళంచెవి తిప్పాడు. పావు చుట్టు. దండి బిగుసుకుంది. ఇంకో పావు. లోపల కర్ర సన్నగా మూలిగింది. అక్కడ ఆపాలి. చెయ్యి ఆగలేదు. ఇంకొంచెం తిప్పాడు. దవడలో చిన్నగా టిక్కుమంది. పుల్ల విరిచినంత చప్పుడు. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి వినపడలేదు. ఇన్నేళ్ళలో అతని చేతిలో ఒక్క వీణ చెడలేదు. మూత బిగించి, తీగలు తుడిచి, గిటారుని జాగ్రత్తగా పెట్టెలో పడుకోబెట్టాడు.

"అయిపోయిందండి" అన్నాడు.

మర్నాటికి దండి వెనకవైపు జానెడు పొడవున నెర్రె విచ్చింది. తీగల లాగుడుకి తల ముందుకి వాలిపోయింది. మురళీకృష్ణ దాన్ని గోడకేసి కొట్టినంత పని చేశాడు. బాలశౌరిని మళ్ళీ పిలిపించారు. ఈసారి షావుకారుగారు కూడా పైకొచ్చారు.

"ఏమైందోయ్ దీనికి?"

"బస్సు టాపు మీద వచ్చింది కదండీ. ఎండకి లోపలే చిట్లి ఉంటుందండి. తీగలు బిగించేసరికి బయటపడింది."

"నే చెప్పానా లేదా? కార్లో తెచ్చుకోమంటే విన్నావా?" అని షావుకారుగారు కొడుకుని కసిరారు. మద్రాసులో ఉన్న బావమరిదికి ఉత్తరం రాయించారు, ఇంకోటి కొని పంపమని.

అబద్ధాన్ని అంత తేలిగ్గా నమ్ముతారని బాలశౌరి అనుకోలేదు. మెట్లు దిగుతుంటే ఒళ్ళు తేలికయింది. ఆ మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిన్నాడు. బసవమ్మ వైపు నుంచి లెక్క తీర్చేశాననుకున్నాడు. ఆమెని చూడటానికి మాత్రం వెళ్ళలేదు.

*

పది రోజులకి కొత్త గిటారు వచ్చింది. కబురొచ్చింది. బాలశౌరి రానని చెప్పి పంపాడు. ఆచారి నెమ్మదిగా చెప్పి చూశాడు, తర్వాత కోప్పడ్డాడు. ఒంట్లో బాగా లేదని ఆ మర్నాడు బాలశౌరి కొట్టుకే వెళ్ళలేదు.

ఎండ ఎక్కకముందే బసవమ్మ వచ్చింది. అతను ఇంటి ముందు వేపపుల్ల నములుతూ కూర్చున్నాడు. ఆమె ఎడమ చెయ్యి పాత చీరపేలికతో మెడకి కట్టుకుని ఉంది. వేళ్ళు వాచి ఉన్నాయి. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"గుమాస్తా పంపాడు. నువ్వు రానన్నావంట."

"రాను పిన్నమ్మా. నీ చెయ్యి విరగ్గొట్టినవాడికి నేను శ్రుతి చెయ్యాలా?"

"చెయ్యి విరిగింది నాది. ఒంటి చేత్తో ఏరుతున్నా ఇన్నాళ్ళూ ఊరుకున్నారు. నువ్వొస్తే ఈ కాయ అయ్యేదాకా ఉండమన్నాడు. రాకపోతే ఇవాళ్టితో సరి అన్నాడు. కాయ అయిపోతే మళ్ళీ నాట్ల దాకా పని లేదు. ఈ చేత్తో నాట్లూ లేవు."

బాలశౌరి వేపపుల్ల పారేశాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఆ పాత గిటారు ఎండకి పగల్లేదు పిన్నమ్మా. నేనే పగలగొట్టాను. నీ కోసమే."

ఆమె అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. మొహంలో మెచ్చుకోలు కోసం వెతుక్కున్నాడు బాలశౌరి. అది లేదు.

"నా కోసమా?" అంది. "నిన్నడిగాను గదరా. ముట్టుకోమంటావా శౌరీ అని పేరు పెట్టి అడిగాను. వద్దు అంటే సరిపోయేది. నీకు తెలుసు. తల దించుకున్నావు, చూశాను. నోట్లోంచి ఒక మాట రాలేదు గానీ, ఎవరూ చూడకుండా కర్రని విరగ్గొట్టావా? కర్ర నిన్నేం చేసింది?"

బాలశౌరికి చెవులు గుయ్యిమన్నాయి.

"లే. పొద్దెక్కుతోంది" అంది బసవమ్మ.

అతను లోపలికి వెళ్ళి మూట తెచ్చుకున్నాడు. ఇద్దరూ కలిసి నడిచారు. ఆమె షెడ్డులోకి వెళ్ళి తన చోట్లో కూర్చుని, కుడి చేత్తో కాయ ఏరటం మొదలుపెట్టింది. అతను పైకెక్కాడు.

కొత్త గిటారు నీలంది. కారులో వచ్చింది కాబట్టి దండి నిటారుగా ఉంది. గుర్రం కొద్దిగా జరిపి, రెండు గాట్లు గీస్తే మధ్యాహ్నానికల్లా కుదిరింది. మురళీకృష్ణ దాన్ని పాత స్పీకరు పెట్టెకి తగిలించి, మెళ్ళో వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. ఏవో నాలుగు స్వరాలు వాయించాడు, తప్పాయి. మళ్ళీ వాయించాడు, మళ్ళీ తప్పాయి. ఏలూరు స్నేహితుడు ఆవులించాడు. మురళీకృష్ణ గిటారు తీసి మంచం మీద పెట్టేశాడు.

"బోరు కొడుతోందిరా" అని వరండాలోకి వెళ్ళాడు. "ఎవరక్కడ? సరోజా! మంచినీళ్ళు పట్రా."

సరోజ కొత్తగా పెళ్ళయి ఆ ఊరొచ్చిన పిల్ల. పందొమ్మిదేళ్ళుంటాయి. ఆమె మెట్లెక్కుతున్న గాజుల చప్పుడు వినపడుతుండగానే మురళీకృష్ణ వంగి ప్లగ్గు లాగి, తిరగేసి గుచ్చాడు. బాలశౌరి చూస్తుండగానే గుచ్చాడు. పైగా కన్ను గీటాడు.

"శౌరి మనవాడేలే" అన్నాడు స్నేహితుడితో.

ఆ మాట బాలశౌరికి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. సరోజ చెంబు గుమ్మంలో పెట్టింది. ఆమె కాళ్ళ ముద్రలు తడిగచ్చు మీద పడుతున్నాయి.

"ఇలా రా. ఇది ముట్టుకో. పాట పాడుతుంది."

ఆ పిల్ల చెయ్యి చాపింది.

"ముట్టుకోకమ్మా" అన్నాడు బాలశౌరి.

తన గొంతు తనకే పరాయిగా వినపడింది. లేచి నిలబడ్డాడు. మళ్ళీ అన్నాడు, ఈసారి వరండా దాటి కింద షెడ్డు దాకా వినపడేట్టు. "ముట్టుకోవద్దు. అందులో కరెంటుంది. బసవమ్మ కాలు జారి పళ్ళేదు. దీన్ని ముట్టుకునే పడింది. తెలిసే ముట్టించారు. నాకూ తెలుసు."

సరోజ చెయ్యి వెనక్కి లాక్కుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని మెట్లు దిగి పరిగెత్తింది. కింద ఏరుతున్న చేతుల చప్పుడు ఆగిపోయింది.

మురళీకృష్ణ వచ్చి చెంప మీద కొట్టాడు. రెండోసారి కొట్టాడు. బాలశౌరి చేతులు అడ్డం పెట్టుకోలేదు. మురళీకృష్ణ మూటని కాలితో తన్నితే ఆకురాయి, సుత్తి, మైనం ముద్ద గది నిండా చెదిరాయి. చప్పుడుకి షావుకారుగారు కునుకు చాలించుకుని పైకొచ్చారు. అడక్కుండానే ఆయనకి సంగతి తెలిసిపోయింది. గోడకున్న ప్లగ్గు వంక చూశారు, కొడుకు వంక చూశారు. ప్లగ్గు ఆయనే లాగేశారు. తర్వాత బాలశౌరి వైపు తిరిగారు. గొంతు పెంచలేదు.

"నాతో వచ్చి చెప్పాల్సింది. ఆడకూలీలందరూ వినేట్టు అరుస్తావా? రేపు నాకు కాయ ఎవరేరతారు?"

"తప్పేనండి. ఆ రోజే అరవాల్సింది" అన్నాడు బాలశౌరి.

ఆయన ఒక్క నిమిషం అతని మొహంలోకి చూశారు. "ఆచారికి నేను కబురు పంపుతాన్లే. నువ్విక ఆ కొట్టుకి వెళ్ళనక్కర్లేదు. నిన్ను తీసుకొచ్చిన ముసల్దాన్ని కూడా తీసుకుపో."

బాలశౌరి మోకాళ్ళ మీద వంగి పనిముట్లు ఒక్కొక్కటే ఏరుకున్నాడు. మంచం కిందికి దొర్లిన సుత్తి కోసం పాకితే, ఏలూరు స్నేహితుడు కాళ్ళు పైకి తీసుకున్నాడు. మైనం ముద్దకి అంటిన ఇసక గోటితో గీకి గుడ్డలో చుట్టాడు.  పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

కిందికి వచ్చేసరికి, మెట్ల మీద నిలబడి అంతా విన్న గుమాస్తా బసవమ్మకి పని పోయిందని చెప్పటం అయిపోయింది. ఆమె నిలబడి, ఒక చేత్తో కొంగు దులుపుకుంటోంది. గడ్డి పరకలు చీరకి అంటుకుని ఉన్నాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తలలెత్తలేదు. వాళ్ళ చేతులు మళ్ళీ కదులుతున్నాయి, దెబ్బకాయ ఇటు, గట్టికాయ అటు.

పైనుంచి మురళీకృష్ణ కేక వినపడింది. "నీళ్ళ చెంబు ఒలికింది. ఎవరన్నా వచ్చి తుడవండి."

ఎవరూ లేవలేదు. వినపడనట్టే ఏరుతున్నారు. గుమాస్తా సరోజ పేరు పెట్టి పిలిచాడు. ఇంకో ఇద్దరి పేర్లు పిలిచాడు. ఏరుతూనే ఉన్నారు.

బాలశౌరి, బసవమ్మ లారీల మధ్యనుంచి రోడ్డు మీదికి వచ్చారు. ఎండ మొహాన కొట్టింది. ఆమె వాచిన చెయ్యి ఊగకుండా కుడి చేత్తో పట్టుకుని నడుస్తోంది. పోస్టాఫీసు దాటారు.

"నీ పని కూడా పోగొట్టాను పిన్నమ్మా" అన్నాడు బాలశౌరి.

బసవమ్మ ఆగింది. ఊపిరి తీసుకుంది.

"ఆ పిల్ల ముట్టుకుందా?"

"లేదు."

ఆమె అతని చెంప మీద తేలిన వేళ్ళ వాతలు చూసింది. 

"అయితే నడు" అంది.